పద్నాలుగో గొర్రె

నిద్ర లేవాల్సిన సమయానికి పద్నాలుగో నంబరు గొర్రె చచ్చిపోయింది.

అద్దం గోడ ఇవతల గుంపుగా నిలబడ్డ వెటర్నరీ విద్యార్థులకు ఆ సంగతి వెంటనే అర్థం కాలేదు. లోపల బల్ల మీద నీలం రంగు వేడి దుప్పటి, దాని కింద గొర్రె, పక్కన తెర మీద బద్ధకంగా లేచి పడుతున్న పచ్చ గీత. ఒక గుండెచప్పుడుకీ ఇంకో గుండెచప్పుడుకీ నడుమ ఒక పొడుగాటి వాక్యం చదువుకోవచ్చు. కాసేపటికి ఆ ఖాళీ తగ్గింది. ఇంకా తగ్గింది. చెవి ఒకసారి అదిరింది.

"లేస్తోంది, లేస్తోంది! మన హాస్టల్ వార్డెన్ కంటే నయం" అన్నాడు రిజ్వాన్.

ఉషశ్రీ నవ్వలేదు. ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి. పచ్చ గీత పరుగు అందుకోవాల్సింది పోయి, గాలికి వణికే దారంలా వణకడం మొదలుపెట్టింది. లోపల డాక్టర్ భార్గవి ఏదో అరిచింది. ఎవరో సూది అందించారు. ఇద్దరు గొర్రె ఛాతీ మీద పడి నొక్కారు. దారం ఇంకాసేపు వణికి తెగిపోయింది. గీత తిన్నగా సాగింది.

గదిలో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గొర్రెలు అంతకుముందూ చచ్చాయి, పరిశోధనశాలకు అది కొత్తేం కాదు. కానీ ఇది రిహార్సల్. పక్క భవనంలో అదే మందు ఒంట్లో ఉన్న ఒక మనిషిని, అలాంటి దుప్పటి కిందే, ఈ మధ్యాహ్నం నిద్ర లేపాలి.

ఆ మనిషి పేరు సుధాకర్. హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. డాక్టర్ భార్గవికి సొంత అన్నయ్య.

* * *

శామీర్‌పేట అవతల ఉన్న ఆ ప్రైవేటు పరిశోధనా కేంద్రానికి ఉషశ్రీ వచ్చి ఇంకా వారం కాలేదు. వెటర్నరీ చివరి సంవత్సరం విద్యార్థులకు మనుషుల వైద్య పరిశోధన అంటే ఏమిటో పరిచయం చెయ్యడానికి పెట్టిన శిబిరం అది. ఆమెకు రావాలని లేదు. వినుకొండలో వాళ్ళ నాన్న అప్పటికే నలుగురికీ చెప్పేశాడు, మా అమ్మాయి గవర్నమెంటు పశువుల డాక్టరు అవుతోందని. ప్రొఫెసరు పేరు రాసేశాడు గనక వచ్చింది. రిజ్వాన్ మాత్రం క్యాంటీన్ బాగుంటుందని విని వచ్చాడు.

మొదటి రోజు భార్గవి వాళ్ళను తిన్నగా గొర్రెల షెడ్డుకు తీసుకెళ్ళింది.

"మా ల్యాబులో రసాయన శాస్త్రం చదివినవాళ్ళున్నారు, ఇంజినీర్లున్నారు, మనుషుల డాక్టర్లున్నారు. మనిషికి వేసే మందు ముందు ఈ గొర్రె ఒంట్లోంచి వెళ్ళి రావాలి. మరి గొర్రె సంగతి తెలిసినవాళ్ళు మాలో ఎంతమంది? ఒక్కరూ లేరు. అందుకే మిమ్మల్ని పిలిచాను. మీలో ఇద్దరైనా ఇక్కడికి తిరిగి రావాలని నా ఆశ."

"మేడమ్, గొర్రెలన్నీ ఇంత లావుగా ఉన్నాయేంటి?" అని అడిగాడు రిజ్వాన్.

"యాదగిరి పెంపకం" అంది భార్గవి, తొట్టిలో పల్లికట్టె మేత నింపుతున్న మనిషిని చూపిస్తూ. "మమ్మల్ని కూడా ఇలాగే మేపుతానంటాడు."

తర్వాత స్తిమిత అనే మందు గురించి చెప్పింది. పదేళ్ళ పని. ఒక్క ఇంజెక్షన్. ఒంట్లో ప్రతి కణమూ తన పనిని దాదాపు ఆపేస్తుంది. ఒళ్ళు చల్లబడుతుంది, రక్తం పారడం మందగిస్తుంది, గాయం ఎక్కడిదక్కడ ఆగుతుంది. ఊరి చివర లారీ కింద పడ్డవాడు పట్నం ఆసుపత్రికి చేరేలోపు చనిపోనక్కరలేదు. ఆపరేషన్ నిదానంగా చేసుకోవచ్చు. తర్వాత ఒళ్ళు వెచ్చబెడితే లేస్తాడు.

"మరి మందు ఒంట్లోంచి ఎలా పోతుంది మేడమ్?" అంది ఉషశ్రీ.

"కాలేయం దాన్ని విరగ్గొట్టేస్తుంది. నిద్ర లేవగానే దాని మొదటి పని అదే."

సరిగ్గా ఆ సాయంత్రమే సుధాకర్ స్కూటరును ఇసుక లారీ కొట్టింది. కడుపులో రక్తస్రావం. దగ్గర్లో ఉన్నది ఈ కేంద్రం ఆసుపత్రే. ఐసీయూ పెద్ద డాక్టర్ కిరీటి చూసి, ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించేలోపే పోతాడన్నాడు. భార్గవి చేతిలో స్తిమిత ఉంది. మనుషులకు ఇవ్వడానికి అనుమతి కొత్తగా వచ్చింది, ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. సంతకం చెయ్యాల్సింది వదిన మంగతాయారు.

"నీ మందేనా?" అని అడిగిందట మంగతాయారు.

"నా మందే వదినా."

"అయితే ఇవ్వు. ఆయన చేత్తో గోరుముద్దలు తిన్న పిల్లవి, ఆయన్ని చంపుకోవుగా."

సుధాకర్ బతికాడు. ఆపరేషన్ బాగా జరిగింది. చల్లగా, కదలకుండా, మూడు రోజులుగా నిద్రలో ఉన్నాడు. ఏ గొర్రెనూ అంతకు మించి పడుకోబెట్టలేదు, దాటితే కిడ్నీలు దెబ్బతింటాయి. కాబట్టి ఇవాళ లేపాల్సిందే. ముందు జాగ్రత్తగా, ఆయన్ని పడుకోబెట్టిన మర్నాడు రాత్రే పద్నాలుగో గొర్రెను కూడా నిద్రపుచ్చారు. దాన్ని ముందు లేపి, ఆ వెంటనే ఆయన్ని లేపాలని.

ఇప్పుడు ఆ గొర్రె లేవలేదు.

* * *

"దీని మేత ఎవరు చూశారు?"

భార్గవి అద్దం గోడ ఇవతలికొచ్చి, మాస్కు కిందికి లాగి అడిగింది. యాదగిరి రెండో రోజు పొద్దున్నే మేనకోడలి పెళ్ళికి జనగామ వెళ్ళాడు. షెడ్డు విద్యార్థులకు అప్పగించి వెళ్ళాడు.

ఉషశ్రీ చెయ్యెత్తింది. "నేనే మేడమ్."

"మేత సరిగ్గా పెట్టావా?"

"పెట్టలేదు మేడమ్. నిద్రపుచ్చే రోజు పొద్దున్నుంచీ తొట్టి తీసేశాను."

"తీసేశావా! ఎందుకు?"

"నెమరువేసే జంతువుకు మత్తు ఇచ్చేముందు మేత ఆపాలి మేడమ్. లేకపోతే కడుపు ఉబ్బుతుంది, మేత పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా కాలేజీలో మొదట నేర్పేది అదే."

ఈ ల్యాబులో ఏ గొర్రెకూ ఏనాడూ మేత ఆపలేదు. ఆపాలని తెలిసినవాళ్ళు లేరు. యాదగిరి ప్రతి గొర్రెనూ సూది వేసే నిమిషం దాకా మేపేవాడు. స్తిమితతో గొంతుతో సహా అన్నీ బిగుసుకుని నిద్రపోతాయి గనక ఒక్కటీ కక్కలేదు. అందుకని ఆ ప్రశ్నే ఎప్పుడూ రాలేదు.

అప్పుడు భార్గవి వెనకే వచ్చిన డాక్టర్ కిరీటి పెద్దగా ఊపిరి వదిలాడు.

"హమ్మయ్య! కారణం దొరికింది. పస్తుండి నీరసించిన గొర్రె, తట్టుకోలేకపోయింది. మందు తప్పు కాదు, దుప్పటి తప్పూ కాదు. భార్గవిగారూ, మనం అనుకున్నట్టే మొదలుపెడదాం."

గదిలో బిగుసుకున్న భుజాలన్నీ వదులయ్యాయి. భార్గవి కళ్ళు మూసుకుని తెరిచింది. ఆమె మొహంలోకి రక్తం తిరిగి రావడం ఉషశ్రీకి కనిపించింది.

"నా పద్ధతిలో లేని పని నన్నడక్కుండా చేశావు" అంది భార్గవి, గొంతు పెంచకుండా. "రిహార్సల్ పాడుచేశావు. ఇవాళ నేనింకేం మాట్లాడలేను. సామాను సర్దుకో. సాయంత్రం బస్సుకు వెళ్ళిపో."

* * *

"వెళ్ళిపొమ్మంది కదా, వెళ్ళిపోతాను" అంది ఉషశ్రీ, షెడ్డు వెనక నీళ్ళ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ. "మా నాన్న సంతోషిస్తాడు. ఏం, పల్లెల్లో గేదెలకు సూదులేసుకుని బతకలేనా?"

"బతుకుతావులే. బస్సు సాయంత్రం కదా" అన్నాడు రిజ్వాన్. "ఈలోపు పద్నాలుగమ్మను అలా గోనె కప్పి వదిలేసి పోతామా?"

ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. పోస్ట్‌మార్టం నేర్పే ప్రొఫెసరు ప్రతి క్లాసులో అనేమాట: తెరిచి చూడకుండా పూడ్చిన జంతువు రెండుసార్లు చచ్చినట్టు. ల్యాబువాళ్ళకు ఆ అలవాటు లేదు. వాళ్ళకు తెర మీది గీత తిన్నగా సాగితే కథ అయిపోయినట్టే. కారణం దొరికిందని నమ్మాక ఆ గొర్రెతో ఎవరికీ పని లేకుండా పోయింది.

"చివరి పని" అంది ఉషశ్రీ. చేతులకు తొడుగులు వేసుకుంది.

ఛాతీ తెరిచారు. గుండె మెత్తగా ఉంది. ఊపిరితిత్తులు వెచ్చగా ఉన్నాయి. చర్మం కింద కొవ్వు కూడా వెచ్చగానే ఉంది. దుప్పటి తన పని తాను బాగానే చేసింది.

తర్వాత కడుపు కోసి, ఎడమవైపున్న పెద్ద పొట్టలోకి ఉషశ్రీ చెయ్యి పెట్టింది. వెంటనే బయటికి లాగేసుకుంది.

"ఏమైంది? తెగిందా?"

"నువ్వు పెట్టి చూడు."

రిజ్వాన్ పెట్టాడు. అతని కనుబొమలు పైకి లేచాయి.

నెమరువేసే జంతువు పొట్ట అంటే ఏమిటో వాళ్ళకు చేతులకే తెలుసు. మింగిన మేత అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవుల మధ్య పులుస్తూ, మరుగుతున్న అన్నం కుండలా ఉంటుంది. జంతువు చచ్చి పూట గడిచినా ఆ వేడి పోదు. చలికాలం పొద్దున క్లాసుల్లో విద్యార్థులు చేతులు కాచుకునేది అక్కడే. మొదటిసారి అసహ్యించుకున్నవాళ్ళే రెండోసారి వరసలో నిలబడేవాళ్ళు.

ఈ పొట్ట ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు గిన్నెలా ఉంది.

ఉషశ్రీ చెయ్యి కుడివైపుకు జరిపింది. కాలేయం. అదీ అంతే. నల్లగా, బరువుగా, మంచుముద్దలా ఉంది. అరచేతి దూరంలో గుండె వెచ్చగా ఉంది, కాలేయం గడ్డకట్టినంత చల్లగా ఉంది.

"రిజ్వాన్..."

"ఊఁ."

"ఈ మందు గొర్రెను నిద్రపుచ్చుతుంది. గొర్రె కడుపులో సూక్ష్మజీవుల్ని నిద్రపుచ్చదు. వాటికి ఇది ఎక్కదు. గొర్రె ఒళ్ళంతా చల్లబడ్డా, లోపల పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. ఆ పొయ్యిని ఆనుకునే కాలేయం ఉంటుంది."

"అయితే?"

"అయితే ఇన్నాళ్ళూ లేచిన గొర్రెల్లో ముందు లేచింది కాలేయం. మందును విరగ్గొట్టింది. తర్వాత నిమ్మళంగా గుండె లేచింది. వీళ్ళు ఆ ఘనత దుప్పటికి కట్టబెట్టారు. నేను మేత తీసేసి పొయ్యి ఆర్పేశాను. ఈసారి బయటినుంచి వేడి తగిలి గుండె ముందు లేచింది. కాలేయం ఇంకా నిద్రలోనే ఉంది. మందు మొత్తం రక్తంలో అలాగే ఉంది. పరిగెత్తాలని చూసి గుండె ఆగిపోయింది."

రిజ్వాన్ గోడకు ఆనుకున్నాడు. "అంటే తప్పు నీదే కదే. వాళ్ళూ అదే అన్నారు."

ఉషశ్రీ చేతులకున్న తొడుగులు కూడా తియ్యకుండా అతనివైపు తిరిగింది.

"నేను ఈ గొర్రెకు పొయ్యి ఆర్పాను. మనిషికి అసలు పొయ్యే లేదురా!"

ఆ తర్వాత ఇద్దరూ పరిగెత్తారు.

* * *

ఐసీయూ బయట కుర్చీలో మంగతాయారు కూర్చుని ఉంది. ఒడిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు. లేవగానే మనిషికి ఏం పెట్టాలో ఎవరూ చెప్పలేదు గనక అన్నీ వండి తెచ్చింది. ఎదురుగా మూసిన తలుపులు. తలుపుల మీద ఎర్ర దీపం.

రక్తం మరకల ఏప్రన్‌తో పరిగెత్తుకొచ్చిన పిల్లను చూసి ఆమె లేచి నిలబడింది.

"ఏంటమ్మాయ్ ఆ రక్తం? ఎవరిది?"

"గొర్రెదండీ. భార్గవి మేడమ్‌తో మాట్లాడాలి. మొదలుపెట్టేశారా?"

"ఇందాకే. ఎవర్నీ పోనియ్యొద్దన్నారు."

తలుపు దగ్గర సెక్యూరిటీ మనిషి అప్పటికే చెయ్యి అడ్డం పెట్టాడు. ఫోన్లు లోపల పనిచెయ్యవు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి నీలం దుప్పటి అంచు, దాని చుట్టూ వీపులు కనిపిస్తున్నాయి. ఉషశ్రీ అద్దం తట్టింది. ఎవరూ తిరగలేదు.

"ఏమైందో నాకు చెప్పు" అంది మంగతాయారు. ఆమె గొంతు మారిపోయింది. "నా మొగుడమ్మా లోపలున్నది."

ఎలా చెప్పాలి? ఉషశ్రీ చూపు క్యారియరు మీద పడింది. చివరికి తోచింది చెప్పింది. "అమ్మా, అన్నం కుండ పైన మూత వేడెక్కితే లోపల బియ్యం ఉడికినట్టు కాదు కదా. సార్‌కి పైన వెచ్చబడుతోంది. పొట్ట చల్లగా ఉంది. ముందు పొట్ట వెచ్చబడాలి. లేకపోతే గొర్రెకు అయినట్టే..."

మంగతాయారు మిగతాది విన్లేదు. క్యారియరు హ్యాండిల్ పట్టుకుని ఐసీయూ తలుపును ఒక్క దెబ్బ కొట్టింది. సెక్యూరిటీ మనిషి నోరు తెరిచేలోపు రెండోది, మూడోది. కారిడారు చివర పడుకున్న రోగులు కూడా లేచి కూర్చున్నారు. తలుపు మీంచి పప్పు కారింది.

తలుపు తెరుచుకుంది. భార్గవి.

"వదినా! ఏంటిది, పిచ్చా?" అప్పుడు ఆమె చూపు ఉషశ్రీ మీద పడింది. "నువ్వా? నిన్ను వెళ్ళిపొమ్మన్నాను కదా!"

"గొర్రె కడుపు తెరిచాం మేడమ్. గుండె వెచ్చగా ఉంది, పొట్టా కాలేయం మంచులా ఉన్నాయి. మేత ఉన్న గొర్రెల్లో పొట్టే కాలేయాన్ని వెచ్చబెట్టి ముందు లేపింది. దీని పొట్ట ఖాళీ. మనిషిది ఎప్పుడూ ఖాళీయే మేడమ్!"

ఒక్క గుక్కలో చెప్పింది. భార్గవి కళ్ళు ఎదురుగా ఉన్న ఎవర్నీ చూడడం లేదు.

"ఎనిమిదో గొర్రె" అంది మెల్లగా.

"ఏంటి మేడమ్?"

"రెండేళ్ళ కిందట. ప్లాస్టిక్ సంచి మింగింది. పొట్టకు ఆపరేషన్ చేయించి మేతంతా తీయించాం. తర్వాత నిద్రపుచ్చితే లేవలేదు. ఆపరేషన్ దెబ్బకు పోయిందనుకున్నాం. దానికీ కారణం దొరికిందనుకున్నాం..." ఉషశ్రీ రెక్క పట్టుకుంది. "ఆ ఏప్రన్ తీసెయ్. లోపలికి రా."

* * *

తెర మీద పచ్చ గీత వేగం అందుకుంటోంది. గీత అంచుల్లో అదే వణుకు, ఇంకా సన్నగా.

"దుప్పటి ఆపండి!" అంది భార్గవి.

డాక్టర్ కిరీటి తల తిప్పాడు. "ఇప్పుడా? సగం దారిలోనా? ఎవరు చెప్పారు?" ఉషశ్రీని చూశాడు. "ఈ అమ్మాయా! భార్గవిగారూ, మీరు అన్నయ్య అనే కంగారులో ఉన్నారు. పశువుల డాక్టరు మాట విని, అదీ ఇంకా డాక్టరు కాని పిల్ల..."

"వేడి ఎక్కడ కొలుస్తున్నాం?" అంది భార్గవి.

"గొంతులో. గుండె వెనక."

"పొట్టలో?"

అక్కడ ఎవరూ కొలవడం లేదు. ఆపరేషన్ తర్వాత సుధాకర్ పొట్టలోంచి బయటికి పెట్టిన రెండు రబ్బరు గొట్టాలు దుప్పటి అంచున కనిపిస్తున్నాయి. కిరీటి ఒక సన్నటి ఉష్ణోగ్రత తీగ తీసి, ఒక గొట్టంలోంచి లోపలికి పంపాడు. పక్క తెర మీద అంకె కనబడింది. దాన్ని చూసి, మీటరు పాడైందేమోనని తీగ తీసి, తుడిచి, మళ్ళీ పంపాడు. అంకె మారలేదు.

ఆ తర్వాత అతను ఒక్క మాట కూడా వాదించలేదు. ఉషశ్రీకి తర్వాత్తర్వాత అతనంటే గౌరవం కలిగింది ఆ క్షణానికే.

"దుప్పటి తియ్యండి. సెలైన్ సీసాలు వేడి చెయ్యండి, ఎన్నుంటే అన్ని. ఒక గొట్టంలోంచి పొయ్యడం, రెండో దాంట్లోంచి తియ్యడం. ముక్కులోంచి ఇంకో ట్యూబు వెయ్యండి, కడుపులోకి కూడా పంపుదాం. గుండెను మాత్రం కాసేపు పడుకోబెట్టి ఉంచాలి. మంచు ఎవరు తెస్తున్నారు?" అన్నాడు కిరీటి.

నర్సు మంచు సంచులు తెచ్చింది. ఛాతీ మీద పెట్టడానికి చేతులు జంకాయి. నిద్ర లేవబోతున్న గుండె మీద మంచు పెట్టడం ఎవరూ ఎన్నడూ చెయ్యని పని.

"ఇలా ఇవ్వు" అంది భార్గవి. గోరుముద్దలు తినిపించిన అన్నయ్య గుండె మీద తన చేత్తోనే మంచు పెట్టి, కదలకుండా అదిమి పట్టుకుంది.

వెచ్చటి నీళ్ళు గొట్టంలోంచి పారాయి. చల్లబడి బయటికి వచ్చాయి. మళ్ళీ పోశారు. మళ్ళీ చల్లబడి వచ్చాయి. మనిషి కడుపులో పొయ్యి రాజెయ్యడం అంత తేలిక కాదు. పచ్చ గీత వణుకుతూ, తగ్గుతూ, మళ్ళీ వణుకుతూ ఉంది.

"చెయ్యి పెట్టి చూడు" అంది భార్గవి ఉషశ్రీతో. "గొర్రె పొట్ట పట్టుకున్న చెయ్యే కదా. ఏమైనా తేడా తెలుస్తుందేమో."

ఉషశ్రీ వంగి, అలవాటు ప్రకారం పిడికిలి బిగించి సుధాకర్ ఎడమ డొక్కలో ఆనించింది.

"అమ్మాయ్" అన్నాడు కిరీటి, "ఆయన నెమరు వెయ్యడు. ఇటు, కుడివైపు, పక్కటెముకల కింద."

ఎవరో ఫక్కుమన్నారు. ఉషశ్రీ చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి కుడివైపుకు మార్చి, ఈసారి అరచెయ్యి పరిచింది. చల్లగా ఉంది. ఇంకా చల్లగానే ఉంది. సీసాలు మారాయి. బయటికి వచ్చే నీళ్ళు గోరువెచ్చగా మారాయి. ఆమె అరచేతి కింద ఎక్కడో లోతున, తెల్లవారుజామున పక్కింట్లో పొయ్యి వెలిగించినట్టు, చిన్న వెచ్చదనం తగిలింది. నమ్మలేదు. చెయ్యి తీసి మళ్ళీ పెట్టింది.

"వెచ్చబడుతోంది" అంది.

కిరీటి రక్తం తీసి పరీక్షకు పంపాడు. జవాబు వచ్చేదాకా ఎవరూ కుర్చీ వెతుక్కోలేదు. కాగితం తెచ్చిన మనిషి తలుపు దగ్గర్నుంచే అరిచాడు. "మందు తగ్గుతోంది సార్! విరుగుతోంది!"

"మంచు తియ్యండి" అన్నాడు కిరీటి.

భార్గవి తియ్యలేకపోయింది. ఆమె వేళ్ళు మంచు సంచికి అతుక్కుపోయి మొద్దుబారాయి. నర్సు ఒక్కో వేలూ విడదీసింది. పచ్చ గీత ఒకసారి తూలింది, సర్దుకుంది, తర్వాత బడిపిల్లల పరేడ్‌లా వరసగా అడుగులు వెయ్యడం మొదలుపెట్టింది.

సుధాకర్ పెదవులు కదిలాయి. ముక్కులో ట్యూబు, గొంతులో బొంగురు. కిరీటి చెవి దగ్గరికి వంచాడు.

"ఏమన్నాడు?" అంది భార్గవి. "ఏమన్నాడు డాక్టర్?"

కిరీటి నిటారుగా నిలబడి మాస్కు తీసేశాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"ఆకలేస్తోందట."

భార్గవి పక్కనున్న స్టూలు మీద కూలబడింది. నవ్వింది. మొద్దుబారిన చేతులతో కళ్ళు తుడుచుకోవడం రాక, మోచేత్తో తుడుచుకుంది.

బయట మంగతాయారుకు ఆ మాట చేరేసరికి, ఆమె ముందు చేసిన పని క్యారియరు విప్పి చూసుకోవడం. పై గిన్నె సొట్టపోయింది. పప్పు సగం ఒలికింది.

"ఇప్పుడే ఏమీ పెట్టకూడదు వదినా. రెండు రోజులు ఆగాలి" అంది భార్గవి, ఆమె భుజం మీద తల ఆనించి.

"మరి ఇంత కూర, ఇంత పెరుగన్నం ఏం చెయ్యను?"

"అమ్మా" అన్నాడు రిజ్వాన్, అప్పటికే చేతులు కడుక్కుని వచ్చి, "ఆ కష్టం నాకు వదిలెయ్యండి."

* * *

శిబిరం చివరి రోజు పొద్దున యాదగిరి పెళ్ళి లడ్డూలతో తిరిగొచ్చాడు. పద్నాలుగో గొర్రె సంగతి ఉషశ్రీయే చెప్పింది. అతను షెడ్డులో దాని ఖాళీ గది ముందు కాసేపు నిలబడి, పొట్లంలోంచి ఒక లడ్డూ తీసి తొట్టి అంచున పెట్టాడు.

"మంచిగ తింటుండె బిడ్డా అది" అన్నాడు. ఉషశ్రీకి తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది.

భార్గవి షెడ్డులోకి వచ్చింది. చేతివేళ్ళకు ఇంకా పట్టీలున్నాయి.

"అన్నయ్య వార్డులో నర్సులందరిచేతా ఎక్సర్‌సైజులు చేయిస్తున్నాడు. వదిన నీకోసం సొట్టపోని క్యారియరు పంపింది." లడ్డూ ఉన్న తొట్టి వైపు చూసింది. "నిన్ను వెళ్ళిపొమ్మన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. నువ్వు ఆ రోజు మేత పెట్టి ఉంటే పద్నాలుగు లేచేది. అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. కొట్టి, ధైర్యంగా వెళ్ళి మా అన్నయ్యను చంపేవాళ్ళం."

ఆ సంగతి ఉషశ్రీకి రెండు రాత్రులుగా తెలుసు. ఐనా ఇంకొకరి నోట వింటే ఒంట్లోంచి ఏదో బరువు దిగింది.

"ఇకమీదట ఏ గొర్రెనూ తెరిచి చూడకుండా పూడ్చం" అంది భార్గవి. "ఆ బల్ల దగ్గర నిలబడేవాళ్ళు కావాలి. చదువు అయ్యాక వస్తావా?"

"మా నాన్నను అడగాలి మేడమ్."

అడిగింది. వినుకొండ నుంచి ఆయన గొంతు షెడ్డంతా వినిపించింది.

"గొర్రెల దగ్గర ఉద్యోగమా? గొర్రెల కోసం అంత దూరం పోవాలంటే, ఇక్కడ గొర్రెలు లేవా?"

"ఉన్నాయి నాన్నా. ఇక్కడి గొర్రెల వెనకాల మనుషులున్నారు."

"గవర్నమెంటుదేనా?"

"కాదు నాన్నా."

"సరేలే. నలుగురికీ ఏం చెప్పాలో అది కూడా నువ్వే చెప్పు."

"మనుషుల్ని లేపే పశువుల డాక్టరు అని చెప్పు."

ఆయన నవ్వాడు. అది ఒప్పుకోలో కాదో తెలియలేదు కానీ, నవ్వాడు.

ఆ పూటే పదిహేనో గొర్రెను నిద్రపుచ్చాలి. ఈసారి దుప్పటి కంటే ముందు పొట్టలో ఉష్ణోగ్రత తీగ వేసి, మేత వేడి కాలేయాన్ని ఎలా లేపుతుందో కొలవాలని కిరీటి స్వయంగా వచ్చి నిలబడ్డాడు. సూది సిద్ధంగా ఉంది. ఉషశ్రీ తొట్టి నిండా పల్లికట్టె వేసింది, చాలదని ఇంకో కట్ట వేసింది. గొర్రె తల దించి, తీరిగ్గా, లోకంలో తనకింకే పనీ లేనట్టు మేసింది. మేసి, నిలబడి, నెమరు మొదలుపెట్టింది.

ఉషశ్రీ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పిడికిలి ఎడమ డొక్కలో ఆనించింది. లోపల పొట్ట బరువుగా కదిలి, ఆమె చేతిని వెచ్చగా తోసింది.

"ఇప్పుడివ్వండి" అంది.